ఒక చుట్టుకు 1.8 సెకన్లు

మా ఆల్బమ్ నిడివి 47 నిమిషాలు. పన్నెండు అంగుళాల వినైల్ రికార్డు ఒక్కో వైపు హాయిగా పట్టేది 20 నిమిషాలు. ఈ చిన్న లెక్క ముందే వేసుకుని ఉంటే మా బృందంలో సగం గొడవలు జరిగేవే కావు. కంప్యూటర్‌లో పాటకు అంచు ఉండదు, ఎంత లాగితే అంత సాగుతుంది. మాది అసలే సాగే సంగీతం.

మేము నలుగురం. నేను ఆర్గన్, సింథసైజర్ వాయిస్తాను. గిటారిస్టు ఒక స్వరం మీటితే అది ఎకో పెట్టెలో నాలుగైదు సార్లు తిరిగి, ఫేజర్‌లో మెలికలు పడి, ఎక్కడ మొదలైందో అతనికే తెలియని స్థితిలో బయటికి వస్తుంది. గాయని గొంతు, పక్క గదిలో ఎవరో నిద్రలో మాట్లాడుతున్నట్టు రివర్బ్ వెనక నుంచి వినిపిస్తుంది. బేస్ గిటారు కూడా ఆమెదే. మెలకువగా ఉండేది డ్రమ్మరు ఒక్కడే. ఈ తరహాను సైకెడెలిక్ అనేవాళ్లు ఉన్నారు, డ్రీమ్ పాప్ అనేవాళ్లు ఉన్నారు. మా డ్రమ్మరు మాత్రం "పొగమంచు" అంటాడు, కాస్త విసుగ్గానే.

తొలి విడుదల వినైల్ మీదే రావాలని పట్టుబట్టింది నేను. వినైల్ శబ్దం "వెచ్చగా" ఉంటుందని అందరూ చెప్పే మాట నాకు పెద్దగా నమ్మకం లేదు. నా కారణం వట్టి ముచ్చట. సైకెడెలిక్ బృందాల్లో 13త్ ఫ్లోర్ ఎలివేటర్స్ తొలి ఎల్పీ 1966లో, పింక్ ఫ్లాయిడ్ తొలి ఎల్పీ 1967లో వచ్చాయి. వాళ్లకు వేరే దారి లేక రికార్డు మీద వేశారు. మాకు అన్ని దారులూ తెరిచి ఉన్నా, వినేవాడు మధ్యలో లేచి రికార్డు తిప్పి పెట్టాల్సి రావడం, పాట నచ్చకపోతే వేలితో దాటేయలేకపోవడం నాకు కావాలనిపించింది.

ముందు నిడివి సంగతి. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంటే 20 నిమిషాలకు సుమారు 667 చుట్లు. రికార్డు ఒక్కో వైపు కనిపించే గీతలన్నీ నిజానికి ఒకటే గాడి, అంచు నుంచి లేబుల్ దాకా చుట్టుకుంటూ పోయేది. శబ్దం పెద్దదైన కొద్దీ గాడి అటూ ఇటూ ఎక్కువగా ఊగుతుంది, అందుకు చోటు కావాలి. నిమిషాలు పెంచితే చుట్లు దగ్గరవుతాయి, ఊగడానికి చోటుండదు, శబ్దం తగ్గించి గాడి కోయాలి. శబ్దం తగ్గితే కింద ఎప్పుడూ ఉండే బుసబుస పైకి తేలుతుంది. మా పాటల్లో సగం సేపు ఆర్గన్ ఒక్కటే మెల్లగా ఉంటుంది కాబట్టి ఆ బుసబుస మాకు పాటలో ఒక వాయిద్యమైపోతుంది.

తొమ్మిది నిమిషాల పాటను తీసేశాం. అది నేను రాసినదే. నా పాటే ముందు బలి ఇవ్వడం వల్ల తరువాతి గొడవల్లో నా మాటకు కొంత బరువు వచ్చింది. మిగిలింది 38 నిమిషాలు: ఎ వైపు 18 నిమిషాల 40 సెకన్లు, బి వైపు 19 నిమిషాల 20 సెకన్లు.

తరువాతి గొడవ పాటల వరుస మీద. గిటారిస్టు ప్రాణం పెట్టి చేసిన పాట ఒకటుంది. చివర మూడు నిమిషాలు తాళాల మోత, తిరగేసిన గిటార్లు, వాటి మీద గాయని గుసగుసలు. ఆల్బమ్ దానితోనే ముగియాలని అతని కోరిక. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ రికార్డు తిరిగే వేగం ఒకటే అయినా, ముల్లు కింద గాడి పరుగెత్తే వేగం ఒకటి కాదు. బయటి అంచు దగ్గర సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి పోతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే ఒక సెకను సంగీతం సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. మెల్లని, మందమైన స్వరాలకు అది పెద్ద ఇబ్బంది కాదు. తాళాలు, గుసగుసలు అయితే చిట్లిపోతాయి.

"అంటే నా పాట చివర్లో ఉంటే చెడిపోతుందా?" అన్నాడు.

"చెడిపోదు. ఇసుక పోసినట్టు వినిపిస్తుంది."

రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి ఆ పాటను బి వైపు మొదటికి మార్చమన్నాడు. చివరికి ఆర్గన్ వాల్ట్జ్ వచ్చింది, మూడు బీట్ల నడకలో. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఆల్బమ్ ఇంకోలా ముగియడం నాకు ఊహకు కూడా రాదు. ఈ మాట అతని దగ్గర అనను.

మిక్స్‌లు, అంటే వాయిద్యాలన్నీ కలిపి సిద్ధం చేసిన పాటలు, పంపిన నాలుగో రోజు కటింగ్ చేసే, అంటే పళ్లెం మీద గాడి కోసే పెద్దాయన ఫోన్ చేశారు. ఈ పనిలో ఆయనది కొన్ని దశాబ్దాల అనుభవం. పాటలు బాగున్నాయనో బాగాలేవనో అనలేదు.

"బాబూ, మీ దగ్గర మోనో బటన్ ఉందా?"

"ఉందండీ."

"మూడో పాట పెట్టి అది నొక్కండి. తరువాత మాట్లాడుకుందాం" అని పెట్టేశారు.

ఎడమ, కుడి చానళ్లను కలిపి ఒకటిగా వినిపించే బటన్ అది. నొక్కాము. ఆర్గన్ మాయమైంది. తగ్గడం కాదు, పూర్తిగా పోయింది. గిటారు ఎకోలు ఎక్కడో నూతి అడుగున వినిపిస్తున్నాయి. గాయని తన బేస్ కోసం స్పీకర్ దగ్గర చెవి పెట్టి వెతుక్కుంది. నెలల తరబడి రాత్రులు కూర్చుని చేసిన పొగమంచంతా ఒక బటన్‌తో ఆరిపోయింది. డ్రమ్ములు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. డ్రమ్మరు ఏమీ అనలేదు, నవ్వును మాత్రం దాచుకోలేదు.

మేము చేసిన తప్పు ఇది. శబ్దం తల చుట్టూ పరుచుకున్నట్టు ఉండాలని డ్రమ్ములు తప్ప ప్రతి వాయిద్యాన్నీ రెండు చానళ్లలో వేసి, ఒక చానల్‌లో శబ్ద తరంగాన్ని తలకిందులు చేశాం. హెడ్‌ఫోన్లలో అది అద్భుతంగా ఉంటుంది. రెండు చానళ్లను కలిపితే మాత్రం ఒకదాన్నొకటి తుడిచేసుకుంటాయి. రికార్డు దగ్గర ఇది ఇంకా పెద్ద చిక్కు. గాడి అడ్డుకోత వి ఆకారంలో ఉంటుంది, రెండు గోడలకు రెండు చానళ్లు. అలన్ బ్లమ్లైన్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1931లో పేటెంటుకు పెట్టిన ఆలోచన ఇది. రెండు చానళ్లలో ఒకే కదలిక ఉంటే ముల్లు పక్కలకు ఊగుతుంది. ఎదురెదురు కదలిక ఉంటే కిందికీ పైకీ దూకుతుంది. పై స్వరాలకైతే ఆ దూకుడు చిన్నది, ఫరవాలేదు. మా బేస్ గిటారును కూడా మేము అలాగే పరిచాము మరి. దాన్ని ఉన్నదున్నట్టు కోస్తే కోసే ముల్లు ఒక క్షణం పళ్లెం మీద నుంచి పైకి లేచిపోతుంది, గాడి తెగిపోతుంది. లేదా లోతుగా దిగి అడుగున ఉన్న అల్యూమినియంను గీకుతుంది.

మళ్లీ ఫోన్ చేసి అడిగాను, మీ యంత్రంలోనే సరిచేయలేరా అని. "చేయగలను. 150 హెర్ట్జ్‌కు కింద ఉన్నదంతా మధ్యకు లాగేస్తాను. కానీ అది నేను చేస్తే గొడ్డలితో చేసినట్టు ఉంటుంది. మీ ఇంటిని మీరే సర్దుకోండి" అన్నారు. ఇంకో రెండు మాటలు కూడా చెప్పారు. శబ్దాన్ని పెంచడానికి చివర్లో పెట్టిన లిమిటర్ తీసేసి పంపాలి, గాయని స, ష, చ లను తగ్గించాలి.

ఆ స, ష ల సంగతి నాకు అంతవరకు తెలియదు. రికార్డు కోసేటప్పుడు బేస్‌ను బాగా తగ్గించి, పై శబ్దాలను పెంచి కోస్తారు. వినేటప్పుడు యాంప్లిఫయర్ దాన్ని సరిగ్గా తిరగేస్తుంది. 1954లో కుదిరిన, అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ ప్రమాణం ఇది. దీనివల్ల బేస్ తక్కువ చోటులో ఒదుగుతుంది, తిరగేసినప్పుడు ఆ బుసబుస కూడా తగ్గుతుంది. కానీ 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఈ పెంపు దాదాపు 14 డెసిబెల్స్. గాయని చెవిలో ఊదినట్టు పలికిన ఒక్క "ష" గాడిలో ముల్లు అనుసరించలేనంత నిటారు వంకర అవుతుంది. మా గాయని ఒక్కో పాట ముందు కూర్చుని, తన నోట్లోంచి వచ్చిన ప్రతి ఊష్మాక్షరాన్నీ చేత్తో తగ్గించింది. రెండు రాత్రులు పట్టింది. మూడో రోజు మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా "ష" దగ్గర ఆగుతోంది.

మిక్స్‌లు మళ్లీ చేశాం. బేస్, కిక్ డ్రమ్ మధ్యలో పెట్టాం. ఆర్గన్‌లో అడుగు స్వరాలను మధ్యలో ఉంచి, పై స్వరాలను మాత్రమే పక్కలకు పంపాం. తలకిందులు చేసిన చానళ్లు తీసేసి, వాటి బదులు కుడి వైపుకు కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యంతో వేరే ఎకో పెట్టాం. అప్పుడు విన్నది నాకు ఇంకా గుర్తుంది. అంతకు ముందు మా పొగమంచు గాలిలో వేలాడుతూ ఉండేది. ఇప్పుడు దాని కింద నేల కనిపించింది. నేల ఉన్నప్పుడే కదా మంచు పరుచుకునేది. ఇప్పుడు డిజిటల్‌లో ఉన్నది కూడా ఈ కొత్త మిక్స్‌లే.

కటింగ్‌కు రమ్మన్నారు. మాటలు వద్దు, పరిమళాలు పూసుకోవద్దు, పళ్లెం మీదికి వంగవద్దు అని ముందే చెప్పారు. గాడి కోసే యంత్రం, అంటే లేత్, 1970ల నాటి న్యూమన్ కంపెనీది. బరువైన చక్రం మీద లాకర్ పళ్లెం. బ్యాంకు లాకర్ కాదు, అల్యూమినియం పళ్లెం మీద నైట్రోసెల్యులోజ్ పూత. పన్నెండు అంగుళాల రికార్డుకు 14 అంగుళాల పళ్లెం వాడతారు. అద్దంలా నల్లగా ఉంది, మా నాలుగు ముఖాలూ అందులో కనిపించాయి. ఈ పళ్లేలు చేసేవాళ్లు లోకంలో ఇద్దరే ఉండేవారట. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కాలిపోయింది. మిగిలింది జపాన్‌లో ఒకటి. పెద్దాయన ఈ మాట చెబుతూ, పళ్లేన్ని అంచులు పట్టుకుని పసిపిల్లను దించినట్టు దించారు.

వేడెక్కిన నీలమణి ముల్లు పళ్లేన్ని తాకింది. కోసిన చోట వెంట్రుక కన్నా సన్నని నల్లటి దారం లేస్తుంటే పక్కనే ఉన్న గొట్టం దాన్ని పీల్చేస్తోంది. ఆ దారానికి నిప్పు తగిలితే భగ్గుమంటుందట. వైపు మొత్తం ఒకే ఊపున కోయాలి. మధ్యలో తప్పు జరిగితే పళ్లెం పారేసి మొదటి నుంచి మొదలు. పాట హోరెత్తినప్పుడు యంత్రం గాడుల మధ్య దూరం పెంచుతుంది, మెల్లగా అయినప్పుడు దగ్గరకు తెస్తుంది. పద్దెనిమిదిన్నర నిమిషాలు మేము గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు.

ఎ వైపు అయ్యాక పెద్దాయన మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. ఆర్గన్ ఒక్కటే ఉన్న చోట గాడులు దువ్విన జుట్టులా ఉన్నాయి. డ్రమ్ము పడిన చోట పాము కదిలినట్టు పెద్ద వంకర, దాని పక్క గాడి ఒక్క పిసరు ఖాళీ వదిలి జరిగింది. "ఇది మీరే" అన్నారు డ్రమ్మరును చూసి. అతను చాలాసేపు చూశాడు. పొగమంచు గురించి ఆ రోజు ఏమీ అనలేదు.

నా పంతం ఒకటి మిగిలి ఉంది, లాక్డ్ గ్రూవ్. బి వైపు చివర గాడి తనలో తనే కలిసిపోయి వలయమవుతుంది. మామూలుగా అందులో నిశ్శబ్దం ఉంటుంది. అందులో శబ్దం పెడితే ముల్లు ఎత్తేదాకా అది ఆగదు. ఒక చుట్టుకు 1.8 సెకన్లు. నిమిషానికి 100 బీట్ల వేగమైతే మూడు బీట్లకు సరిగ్గా 1.8 సెకన్లు. మా వాల్ట్జ్ నడకా మూడే! దేవుడే కుదిర్చాడనుకున్నాను. కొలిచి చూస్తే మేము వాయించింది 98. మూడు బీట్లకు 1.837 సెకన్లు. ఆ 37 మిల్లీసెకన్లు ప్రతి చుట్టులోనూ కాలికి రాయిలా తగులుతాయి.

కంప్యూటర్‌తో కుదిస్తే ఆర్గన్ గొంతు బిగుసుకున్నట్టు వినిపించింది. చివరి భాగాన్ని మళ్లీ 100 వేగంతో వాయించాను. అప్పుడు ఇంకో చిక్కు. ఆర్గన్ ట్రెమోలో ఊపులు కూడా 1.8 సెకన్లలో నిండు సంఖ్యలో పూర్తి కావాలి, లేకపోతే అతుకు దగ్గర స్వరం తడబడుతుంది. సెకనుకు అయిదు ఊపులు పెడితే చుట్టుకు తొమ్మిది. సరిపోయింది. గాడి సరిగ్గా ఏ క్షణాన మూసుకుంటుందో ముందే చెప్పలేం కాబట్టి అదే ముక్కను ఆపకుండా తిప్పుతూ పంపాలి. ఎక్కడ మూసుకున్నా తోక తలతో కలవాలి. మొదటిసారి చిన్న టిక్కు వచ్చింది. పెద్దాయన ఏమీ అనకుండా ఆ పళ్లేన్ని పక్కన పెట్టి కొత్తది తీశారు. రెండో దానిలో అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు. లేబుల్ పక్కన ఖాళీ జాగాలో నంబరు చెక్కుతూ, ఇంకేమైనా రాయాలా అని అడిగారు. జార్జ్ పెక్‌హామ్ అనే కటింగ్ ఇంజనీరు తాను కోసిన రికార్డుల మీద "ఎ పోర్కీ ప్రైమ్ కట్" అని చెక్కేవాడు. మాకు అంత ధీమా లేదు. చిన్న నెలవంక గీయమన్నాం.

అక్కడి నుంచి ఫ్యాక్టరీ పని. లాకర్ మీద వెండి పొగలా పట్టించి, విద్యుత్తుతో నికెల్ పూత మందంగా పెంచి ఊడదీస్తారు. గాడులకు బదులు గట్లు ఉన్న ఆ పళ్లేన్ని తండ్రి అంటారు, దాని నుంచి తీసినది తల్లి, తల్లి నుంచి పుట్టేది రికార్డులు అచ్చు వేసే స్టాంపరు. తండ్రికి తల్లి పుట్టే వంశవృక్షం ఇదొక్కటే అయి ఉంటుంది. వారాలన్నది నెలలయ్యాయి. ఈలోగా అట్ట బొమ్మ చూసుకున్నాం. తెర మీద వెలిగిన ఊదా రంగు అచ్చులో వంకాయ తొక్కలా వచ్చింది. గిటారిస్టు రంగు వినైల్ కావాలన్నాడు, మిగతా ముగ్గురం నలుపే అన్నాం. బరువు 180 గ్రాములా 140 గ్రాములా అని అడిగారు. బరువు చేతికి తెలుస్తుంది కానీ చెవికి తెలియదు. 140 అన్నాం.

తెల్ల లేబుళ్లతో అయిదు టెస్ట్ ప్రెస్సింగులు, అంటే విని సరిచూడడానికి ముందుగా అచ్చు వేసిన కాపీలు, వచ్చాయి. మనిషికొకటి పంచుకుని, అయిదోది పక్కన పెట్టాం. మొదటి రాత్రే గాయని ఫోన్: "బి వైపు రెండో పాటలో టిక్, టిక్ మంటోంది. నీ దాంట్లో ఉందా?" వింటే ఉంది. 1.8 సెకన్లకొకసారి, ఏడు సార్లు, తరువాత లేదు. అంటే ఏడు గాడులను దాటిన ఒకే మచ్చ. ఒక్క కాపీలోనే ఉంటే దుమ్మనుకోవచ్చు. అయిదింటిలోనూ అదే చోట ఉంది కాబట్టి లోపం లోహంలోనే. నిమిషం, సెకను రాసి పంపాం. తల్లిని పరీక్షిస్తే శుభ్రంగా ఉందట, మచ్చ స్టాంపరు మీదే. కొత్త స్టాంపరు తీస్తామన్నారు. ఇంకో నెల.

డ్రమ్మరు కాపీతో వేరే తంటా. అందులో ఆర్గన్ స్వరం మెల్లగా పైకీ కిందికీ ఊగుతోంది. ఇది లోపమా, స్వరాన్ని ఊగించే మా కోరస్ పెడల్ పనా అని అరగంట వాదించుకున్నాం. ఇలాంటి సంగీతం చేసేవాళ్లకే రాగల కష్టం ఇది. చివరికి గాయని, "వినడం ఆపి చూడండి" అంది. ముల్లును మోసే చేయి, టోన్ ఆర్మ్, ప్రతి చుట్టుకూ కొద్దిగా కుడికీ ఎడమకీ కదులుతోంది. నడిమి రంధ్రం పక్కకు పడింది. "నాకు ఇదే బాగుంది" అన్నాడు డ్రమ్మరు. ఆ కాపీ ఇప్పటికీ అతని దగ్గరే ఉంది, మంచిది ఇస్తామన్నా తీసుకోలేదు.

రెండో విడత టెస్టులు శుభ్రంగా ఉన్నాయి. సరేనన్నాం. 300 కాపీలు వచ్చాయి. ఒక సాయంత్రం నలుగురం కూర్చుని ఒకటి తెరిచి పెట్టాం. బి వైపు చివర ఆర్గన్ మూడు స్వరాలు మొదలయ్యాయి, తిరుగుతూనే ఉన్నాయి. ముల్లు ఎత్తడానికి ఎవరూ లేవలేదు. గిటారిస్టు కళ్లు మూసుకుని, "నా పాట చివర్లో ఉంటే ఇది ఉండేది కాదు" అన్నాడు. నేను ఏమీ అనలేదు.

రికార్డులు కొన్నవాళ్ల నుంచి వచ్చిన మొట్టమొదటి ఉత్తరం నా దగ్గర దాచుకున్నాను. పాటలు నచ్చాయని రాసి, కింద ఒక ఫిర్యాదు చేర్చారు: "రికార్డులో లోపం ఉంది. రెండో వైపు చివర్లో ముల్లు ఒకే చోట ఇరుక్కుని తిరుగుతోంది. గంటసేపు చూశాను, ముందుకు కదలడం లేదు. దయచేసి మార్చి ఇవ్వగలరు."

గంటసేపు!